నాలుగంచులా టేపు

నమూనాల పెట్టె భుజానేసుకుని
సోహార్‌ల ఖల్ఫాన్ ఇంటి గ్యారేజీకి పోయిన.
పగటి నమాజు అయిపోయింది.
షట్టర్ సగం లేపి ఉంది,
ఎండ మోకాళ్ళ దాకా లోపలికొచ్చి ఆగింది.

ముక్కలన్నీ కింద పరిచిన:
అద్దం లెక్క మెరిసే గంధం రంగు ఎపాక్సీ,
గిన్నెకోడి రెక్క తీరు చుక్కల బూడిద రంగుది,
ఒకదాన్నొకటి కొరికి పట్టుకునే ప్లాస్టిక్ పలకలు,
గరుకు టైలు, నల్ల రబ్బరు.
ధర అడగకముందే
మెరిసేదాని మీద చెయ్యి పెట్టిండు ఖల్ఫాన్.
అందరూ మొదలు దాని మీదనే పెడ్తరు.

"నా బండి అండ్ల కనబడాలె" అన్నడు,
సగం అరబ్బీల, సగం హిందీల.
తలూపిన. తలూపుడు నా నౌకరిల ఒక పని.
ఎండల కాలిన టైరొచ్చి దాని మీద నిలబడితే
తెల్లారేసరికి పెదవి మీద పొక్కు లెక్క
రంగు లేపుకొని పోతదని చెప్పుడు గూడ నా పనే.
ఏది ముందు చెయ్యాల్నో
పదకొండేండ్ల సంది తెల్వది.

మూలకు ఈతాకు చాప మీద వాళ్ళమ్మ,
ఎండు చేపల తలకాయలు తుంచుతున్నది.
రెండు కార్లు వీధిలకు తోలించి
ఈ చల్లటి జాగ రోజూ గుంజుకుంటదట.
ఆమెను ఎవలూ అడగలే.
తనే లేచొచ్చి ముక్కలు ఒక్కొక్కటి తిరగేసింది,
మెరిసే దిక్కు కాదు, వెనుక దిక్కు.
సిరిసిల్లల మా పెద్దమ్మ చీరను అట్లనే చూస్తది.
మగ్గం మీది చేతులకే ఆ బుద్ధి ఉంటదనుకున్న ఇన్నొద్దులు.

రేపొస్తనని చెప్పి
గజం పాలిథిన్ కవరు సిమెంటు మీద పరిచి
నాలుగంచులా టేపు కొట్టిన.
దాని కింద రాత్రంతా ఏం నడుస్తదో
ఎవరికీ కనబడది.

క్యాంపుల మా రూముకు
జనం వద్దన్న ముక్కలే నేల.
రాజలింగు మంచం కింద
ఓ డాక్టరమ్మకు నచ్చని నీలం.
చెప్పులిడిసే కాడ
బడి వాళ్ళు ఆఖరికి మార్చుకున్న ఎరుపు.
నా కాళ్ళు దిగే చోట రెండు ముక్కలు,
ఒకటి మందం, ఒకటి పలుచన,
చీకట్ల లేస్తే బొటనవేలు తాకుతది.
ఇవి ఎవ్వలం ఏరుకోలే. దొరికినయి, పరిచినం.
అయినా ఆ నీలం తనదని
శుక్రవారం శుక్రవారం తుడుస్తడు రాజలింగు,
పక్కోని కాలు పడితే లొల్లి పెడ్తడు.

పొద్దుగాల పోయి టేపు పీకిన.
ప్లాస్టిక్ లోపలి దిక్కంతా చెమట.
సిమెంటు గజం మేర నల్లబడ్డది.
సముద్రం రెండు వీధుల అవతల ఉన్నదనుకున్నం,
ఇంటి కిందనే మెల్లగ మీదికి ఎక్కుతున్నది.
ముసలమ్మ తడిని వేలితో అద్ది
నాలికకు రాసుకుంది.
"మిల్హ్" అన్నది కొడుకు దిక్కు చూసి. ఉప్పు.
చేపల చేతి ఉప్పో, నేల ఉప్పో
నేనైతే అడగలే.

"దీనికి ఏది అతికించినా లేస్తది సార్."
చెప్పేసిన.
మెరిసేది అమ్మితే నాకు నలభై రియాళ్ళు.
రబ్బరుకు ఆరు.
నోరు జారినంక లెక్క యాదికొచ్చింది.

రబ్బరు పలక తిరగేసి చూపిన:
కింద చిన్న చిన్న కాళ్ళుంటయి, నడుమ గాలి పోతది,
నేల చెమట నేలే ఆరబెట్టుకుంటది.
ఖల్ఫాన్ మెరిసే ముక్కను
ఇంకోసారి వెలుతురుకు పట్టి చూసుకుని
నా చేతిల పెట్టిండు.

ముసలమ్మ ఏదో అన్నది.
"చాప కింద మాత్రం ఏదీ వద్దంటున్నది" అన్నడు,
"సిమెంటే ఉండాలట. అరికాలుకు అలవాటట."
అట్ల అన్నప్పుడు కొంచెం సిగ్గు పడ్డడు.

ఆరు మీటర్లు, ఏడు మీటర్లు.
ఒక మూల చాపంత కోసెయ్యాలె.
కంపెనీ కాయితంల దానికి గడి లేదు,
వేస్టేజి కింద రాసిన.

మెరిసే ముక్క పెట్టెల ఉన్నది.
ఇయ్యాల రూముల
ఎవని మంచం కిందికి పోతదో.